దేహబాధయు దేవసేవయు

దేహమున బాధ కలిగినపుడు భక్తుడేమి చేయవలెను? ప్రారబ్ధమని మౌనముగ సహింపవలెనా, లేక వైద్యుని ఆశ్రయించి నివారించుకొనవలెనా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. శాస్త్రములయందు దీనికి సమాధానము కలదు. అయినను కాలము మారినకొలది పాతప్రశ్నయే క్రొత్తవేషమున వచ్చుచుండును. ఈనాడు అది వచ్చిన వేషమును ముందుగ చూచి, పిదప పెద్దల మార్గమున విచారింతము.

ఇందూరని పాతపేరు గల నిజామాబాదును, ఏకచక్రపురమని పెద్దలు చెప్పుకొను బోధనును మన పాఠకులకు తెలియనివి కావు. మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు జలములు ఈ నేలను చెరకుతోటలతో నింపినవి. 1937లో స్థాపింపబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ బోధను చెంత శక్కర్‌నగరున వెలసి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరొందినది. 2015 డిసెంబరులో దాని చక్రములు ఆగిపోయినవి. ఫ్యాక్టరీ ఆగినను, ఆనాడు వంగి చెరకు నరికిన నడుములు, మోపులు మోసిన తుంటికీళ్ళు, పసుపు త్రవ్విన చేతులు ఇంకను మన నడుమ నున్నవి. వారు నేడు వృద్ధులు. వారిని కుశలమడిగినచో తుంటినొప్పి మాట రాక మానదు.

అట్టివారిలో కొందరికి కీలు అరిగిపోయియు, కొందరికి జారిపడి తొడయెముక మెడభాగమున విరిగియు తుంటికీలు మార్పించుకొనవలసి వచ్చుచున్నది. ఆపరేషన్ చక్కగ జరుగును. లోపలి పాతనొప్పి తగ్గును. ఇంటిల్లపాది సంతోషింతురు. కొన్ని నెలలు గడచునప్పటికి కొందరికి తుంటికి వెలుపలిప్రక్క, చేయి పెట్టి చూపగల చోట, క్రొత్తనొప్పి యొకటి మొదలగును. ఆ ప్రక్కకు ఒత్తిగిలి పండుకొనలేరు. మెట్లెక్కలేరు. కూర్చున్నచోటి నుండి లేచునపుడు "అమ్మా" యని తుంటి పట్టుకొందురు. ఎక్స్‌రే తీయించినచో క్రొత్తకీలు ఉండవలసిన చోటనే యున్నదని తేలును. అప్పుడు ఇంటిలో సందేహము బయలుదేరును. "ఇంత ధనము పోసి బాగుచేయించితిమి, ఇంకను నొప్పి యేమి?" అని కుమారుడు పైకనకపోయినను ముఖమున కనబడును. ఆ తల్లి అది గ్రహించి మాటాడుట మానివేయును.

ఏకాదశి సత్సంగములయందు ఇట్టి వృద్ధమాతలు మెల్లగ అడుగు ప్రశ్నలు మూడు. ఈ బాధ నా పూర్వకర్మఫలమైనపుడు దీనికి మరల మందు వెదకుట భగవంతునియందు అవిశ్వాసము కాదా? ఇనుము చేరిన ఈ దేహము స్వామిసేవకు తగునా? నేల కూర్చుండలేక, సాష్టాంగపడలేక, కుర్చీయందుండి చేయు పూజ పూజయగునా? ఈ మూడును పరిహాసమునకు తగిన ప్రశ్నలు కావు. ఒక జీవుని చివరి యేండ్ల శాంతి వీనిపై ఆధారపడియున్నది.

బాధ యెచ్చటిది?

రోగమును తెలియక ధర్మమును నిర్ణయింపరాదు. కావున వైద్యులు చెప్పు విషయమును సంగ్రహముగ గ్రహింతము. తుంటికి వెలుపల, తొడయెముక పైభాగమున ఒక గట్టి బొడిపె కలదు. దాని మీదుగ పిరుదు కండరముల స్నాయువులు సాగుచుండును. ఎముకకును స్నాయువునకును ఒరపిడి కలుగకుండ, నడుమ పలుచని ద్రవము గల చిన్న సంచియొకటి అమరియున్నది. దీనిని బర్సా యందురు. అది వాచినచో బర్సైటిస్ అందురు. అట్టి నొప్పి గలవారిలో పెక్కుమందికి సంచి వాపుకంటె దానిచెంత స్నాయువులు నలిగి చెడుటయే ముఖ్యకారణమని ఇటీవలి పరిశీలనలో తేలినది.

ఆపరేషన్ తరువాత ఇది యేల వచ్చును? కీలును చేరుటకు వైద్యుడు కండరములను తొలగించియో, విడదీసి మరల కుట్టియో త్రోవ చేసికొనవలెను. అంతకుముందే యేండ్లతరబడి కుంటుచు నడచుటచే ఆ కండరములు బలము కోల్పోయియుండును. కొందరికి కాళ్ళ పొడవులో స్వల్పభేద మేర్పడును. కొందరికి క్రొత్తకీలు అమరికచే తొడయెముక కొంచెము వెలుపలికి జరిగి, పైనున్న స్నాయువు బిగువగును. కావున ఈ బాధ పుట్టునది లోహమునుండి కాదు, లోహమునకు పొరుగున నున్న సజీవమాంసమునుండి. క్రొత్తగ వచ్చిన బంధువు నెమ్మదిగనే యున్నాడు. అతని రాకకు సర్దుకొనలేనివారు ఇంటివారే.

ఇది ప్రాణాంతకమైన వ్యాధి కాదు. పెక్కుమందికి ఓర్పుతో చేయు చికిత్సచే తగ్గును. కాని తుంటిచెంత వచ్చు ప్రతినొప్పియు ఇదియే యని ఇంటిలోనే తీర్పు చెప్పుకొనరాదు. క్రొత్తకీలు చుట్టు చీము పట్టినను, కీలు వదులైనను, ఎముక బీటవారినను, నడుమునుండి నరము లాగినను నొప్పి అచ్చటనే తోచవచ్చును. జ్వరము వచ్చినను, గాయము ఎఱ్ఱబడి స్రవించినను, అకస్మాత్తుగ కాలిపై బరువు మోపలేకపోయినను, గజ్జలోను తొడలోను నొప్పి నానాటికి హెచ్చినను ఆలస్యము చేయక ఆపరేషన్ చేసిన వైద్యునికి చూపవలెను. ఆ శంకలు తీరిన పిమ్మటనే ఇది బర్సా నొప్పి యని నిశ్చయింపవలెను.

ప్రారబ్ధమను పూర్వపక్షము

ఇక మొదటి ప్రశ్న. "సుఖదుఃఖములు పూర్వకర్మానుసారముగ వచ్చును. వచ్చినదానిని సహించుట తితిక్ష. గీతాచార్యుడు అర్జునునకు మొట్టమొదట ఉపదేశించినది అదియే కదా! కావున మందు వెదకుట కర్మను తప్పించుకొన జూచుటయే" యని పూర్వపక్షము.

దీనికి సమాధానము గీతయందే కలదు. శీతోష్ణములు, సుఖదుఃఖములు వచ్చి పోవునవి, నిలుచునవి కావు, వానిని ఓర్చుకొనుమని స్వామి చెప్పినది కర్తవ్యమునుండి మరలిపోవుచున్న అర్జునునకు. బాధకు వెరచి ధర్మమును విడువకుమని దాని భావము. ధర్మము చేయుటకు అడ్డగు బాధను తొలగించుకొనకుమని భావము కాదు. ఆకలి కూడ ప్రారబ్ధమే. అన్నము వండుకొనుట అవిశ్వాసమని ఎవరును అనరు. వర్షము దైవాధీనమే. ఇల్లు కప్పుకొనుట పాపమని ఎవరును అనరు. ఔషధముచే నొప్పి శమించిన పక్షమున, శమింపవలసిన ఆ కర్మకు ఔషధమే ద్వారమైనదని యేల అనుకొనరాదు? బాధ మాత్రమే దైవము పంపినది, వైద్యుడు మాత్రము దైవము పంపనివాడు అనుట న్యాయము కాదు.

అంతేకాదు. పదునేడవ అధ్యాయమున భగవానుడు, శాస్త్రవిహితము కాని ఘోరతపస్సుచే దేహమును, దేహములోపల నున్న తన్నును కూడ కృశింపజేయువారి నిశ్చయము ఆసురమని గర్హించెను. నివారింపదగిన బాధను పట్టుదలచే మోయుచు, దానికి తపస్సని పేరు పెట్టుకొనువారు ఈ మాటను స్మరింపవలెను.

చరకమహర్షి చికిత్సను మూడు విధములుగ విభజించెను. మంత్రము, మణి, జపము, హోమము, తీర్థయాత్ర మొదలగువానిచే చేయునది దైవవ్యపాశ్రయము. ఆహారౌషధములను యుక్తితో కూర్చి చేయునది యుక్తివ్యపాశ్రయము. మనస్సును అహితవిషయములనుండి మరల్చి నిలుపునది సత్త్వావజయము. ఒకటి చేసినవాడు మరియొకటి చేయరాదని ఆయన యెచ్చటను చెప్పలేదు. స్వామికి తులసిమాల సమర్పించుటయు, వైద్యుని చెంతకు పోవుటయు, మనస్సును నిబ్బరముగ నుంచుకొనుటయు ఒకే చికిత్సకు మూడు ముఖములు.

మన సంప్రదాయమున ఆలయమునకును వైద్యమునకును విరోధమే లేదు. పాలసముద్రమునుండి అమృతకలశముతో వెడలిన ధన్వంతరి శ్రీమహావిష్ణువు అంశావతారము. శ్రీరంగమున ఆయనకు సన్నిధి కలదు. పదునొకండవ శతాబ్దిన వీరరాజేంద్రచోళుని కాలపు తిరుముక్కూడల్ శాసనము వేంకటేశప్పెరుమాళ్ ఆలయమునకు చేరిన ఆతురశాలను పేర్కొనుచున్నది. అందు 15 పడకలు, ఒక వైద్యుడు, ఒక శస్త్రవైద్యుడు, రోగులకు ఉపచారము చేయు స్త్రీలు ఉండెడివారు. తెలుగునాట కాకతి రుద్రమదేవి కాలమున 1261లో వేయించిన మల్కాపుర శాసనమున మఠమునకు చేరిన ఆరోగ్యశాలయు, ప్రసూతిశాలయు కనబడుచున్నవి. నేడును తిరుపతిలో దేవస్థానము వారి బర్డ్ ఆసుపత్రియందు కీళ్ళమార్పిడి ఆపరేషన్లు జరుగుచున్నవి. స్వామి హుండీయందు భక్తులు వేసిన కానుక ఇట్టి రూపమున మరల భక్తుని తుంటికి చేరుచున్నదన్నమాట.

అంపశయ్యపై నొక పాఠము

ఈ విషయమున మహాభారతమున భీష్మాచార్యుని చరిత్ర మిక్కిలి స్పష్టమైన దీపము. ఆయన అంపశయ్యపై పడినపుడు దుర్యోధనుడు బాణములు తీయుటయందు నేర్పరులగు వైద్యులను వెంటగొని వచ్చెను. భీష్ముడు వారిని సత్కరించి పంపివేయించెను. క్షత్రియునకు తగిన గతి తనకు లభించినదని ఆయన నిశ్చయము. ఇంతవరకు మాత్రమే చదివినవారు వైద్యమును నిరాకరించుటయే మహాపురుషలక్షణమని తలంతురు.

కాని కథ అచ్చట ముగియలేదు. యుద్ధానంతరము శ్రీకృష్ణుడు ధర్మరాజును వెంటబెట్టుకొని వచ్చి ధర్మము నుపదేశింపుమని కోరగా, భీష్ముడు తన స్థితిని దాచలేదు. దేహము మండుచున్నది, మనస్సు నిలుచుట లేదు, మాట తోచుట లేదు, ఇట్టి స్థితియందు ధర్మము నెట్లు చెప్పుదునని స్వామికి విన్నవించెను. అప్పుడు శ్రీకృష్ణుడు "నీవు జ్ఞానివి, ఓర్చుకొని చెప్పు" మనలేదు. గాయముల బాధ, తాపము, మూర్ఛ, ఆకలిదప్పులు ఆయనను పీడింపకుండ వరమిచ్చెను. అటుపిమ్మటనే శాంత్యనుశాసన పర్వముల ఉపదేశము వెడలెను. శ్రీవిష్ణుసహస్రనామము మనకు లభించినది ఆ బాధ తొలగిన కంఠమునుండియే.

ఇందు గ్రహింపవలసినవి రెండు. మొదటిది, భీష్మునంతటివాడును బాధ బుద్ధిని కప్పునని ఒప్పుకొనెను. కావున నొప్పిచే జపమున మనసు నిలుచుట లేదని ఒక వృద్ధురాలు చెప్పినచో అది భక్తిలోపము కాదు. రెండవది, ధర్మమునకు ముందుగ బాధను తీర్చినవాడు సాక్షాత్తు భగవంతుడే.

తితిక్ష తనకు, దయ పరునకు

శ్రీవైష్ణవ గురుపరంపరయందు కూరత్తాళ్వాన్ వృత్తాంతము ప్రసిద్ధము. ఆయన ఆచార్యుని కొరకు కన్నులు కోల్పోయెను. కాంచీపురమున వరదరాజస్వామిని సేవించి కన్నులు వేడుకొనుమని రామానుజులు ఆజ్ఞాపించిరి. ఆళ్వాన్ సన్నిధికి పోయి తనకు దృష్టిని కోరక, తన కన్నులు పోవుటకు కారణమైన నాలూరానుకు సద్గతిని కోరెను. ఆ త్యాగమును తలంచి మనము పులకింతుము. తగినదే. కాని ఆ కథయందు రామానుజుల స్థానమును మరువరాదు. శిష్యుని కన్నులు శిష్యుడు విడిచిపెట్టవచ్చును. "నీ కర్మ, ఓర్చుకొను" మని ఆచార్యుడు మాత్రము అనలేదు. శిష్యునకు చూపు రావలెనని ఆయన తపించిరి.

దీనినుండి తేలిన ధర్మసూక్ష్మ మిది. తితిక్ష అను గుణము ఉత్తమపురుషకు మాత్రమే చెందినది. "నేను ఓర్చుకొందును" అనవచ్చును. "నీవు ఓర్చుకొనుము" అనుటకు అధికారము చాల అరుదుగ కలుగును. తన బాధయెడ తితిక్షయు, పరుని బాధయెడ దయయు ధర్మము. ఈ రెంటిని తారుమారు చేసి, తన చిన్ననొప్పికి వైద్యుని పిలిపించుచు, తల్లి పెద్దనొప్పికి వేదాంతము చెప్పువాడు వేదాంతమును చదివినను చదువనివాడే.

తల్లి వైపునను ఒక ధర్మము కలదు. పిల్లలకు భారమగునని నొప్పిని దాచుట ప్రేమవలె తోచును. కాని దాచిన నొప్పి దాగియుండదు. నడక వంకరయగును. వంకరనడకచే నడుము, రెండవ మోకాలు చెడును. తూలి పడినచో క్రొత్తకీలు చుట్టు ఎముక విరుగును. అప్పుడు భారము పదింతలగును. ఉన్నమాట ఉన్నట్లు చెప్పుట సత్యవ్రతము. భీష్ముడు స్వామితో చెప్పినట్లు ఆమెయు బిడ్డలతో చెప్పవలెను.

కనబడనిది లేనిదగునా?

ఇచట తర్కశాస్త్రమునకు చెందిన విచారము కొంచెము అవసరము. "ఎక్స్‌రేయందు ఏమియు లేదు, కనుక నొప్పి లేదు" అను వాదము ఇండ్లలో వినబడుచున్నది. ఇది అనుపలబ్ధినిబట్టి అభావమును సాధించుట. ఆ సాధనకు తార్కికులు ఒక నియమము పెట్టిరి. కనబడుటకు యోగ్యమైన వస్తువు, కనబడవలసిన పరిస్థితియందు కనబడనపుడు మాత్రమే అది లేదని నిశ్చయింపవచ్చును. వెలుగున్న గదిలో బల్లపై కుండ కనబడలేదు, కావున లేదు. కాని చీకటిగదిలో కుండ కనబడలేదని లేదనరాదు. ఎక్స్‌రే ఎముకను, లోహమును చూపు సాధనము. ద్రవసంచిని, స్నాయువును అది స్పష్టముగ చూపజాలదు. చూపలేనిదానిని చూపలేదని, అది లేదని తీర్పు చెప్పుట చీకటిలో కుండను వెదకుటయే.

అసలు నొప్పి యనునది పరులకు ప్రత్యక్షమగు వస్తువు కాదు. అనుభవించువానికే అది ప్రత్యక్షము. ఇతరులకు రెండే ప్రమాణములు మిగులును. నడకయు ముఖమును చూచి ఊహించునది అనుమానము. బాధితుని మాటను గ్రహించునది శబ్దము. ఏబదియేండ్లు తన ఆకలిని చెప్పక బిడ్డలకు వడ్డించిన తల్లి "నాకు నొప్పిగ నున్నది" అన్నచో, ఆ విషయమున ఆమె మాటను మించిన ఆప్తవాక్యమెక్కడ నున్నది? మంచి వైద్యుడును అట్లే చేయును. ముందు రోగి మాట విని, పిదప చేతితో ఆ బొడిపె చెంత నొక్కి చూచి, అవసరమైనచో అల్ట్రాసౌండ్ వంటి పరీక్షచే నిర్ధారించును.

ఇనుము చేరిన దేహము

రెండవ ప్రశ్న, లోహము చేరిన దేహము భగవత్సేవకు తగునా యనునది. ఆధునికకాలమున ఇంగ్లాండు దేశపు రైటింగ్టన్ ఆసుపత్రియందు జాన్ చార్న్‌లీ అను వైద్యుడు 1962లో లోహపు బంతియు, పాలిథీన్ జాతికి చెందిన గట్టి ప్లాస్టిక్ గిన్నెయు కూర్చి చేసిన కీలు ఈ చికిత్సకు స్థిరమైన మార్గము చూపినది. కాని లోహావయవము అను భావన మనకు క్రొత్తది కాదు. ఋగ్వేదమున అశ్వినీదేవతలు, యుద్ధమున కాలు తెగిన విశ్పలకు లోహపు జంఘను అమర్చిన వృత్తాంతము కలదు. అది వారి మహిమగ స్తుతింపబడినదే కాని విశ్పల అపవిత్రయైనదని ఎచ్చటను లేదు.

సిద్ధాంతరీత్యా చూచినను సంశయము నిలువదు. శరీరమనగా నేమి? రక్తమాంసములు కలదియే శరీరమని లోకులందురు. భగవద్రామానుజులు శ్రీభాష్యమున ఈ లక్షణమును అంగీకరింపక వేరొక లక్షణము చెప్పిరి. ఏ ద్రవ్యమును చేతనుడు తన ప్రయోజనమునకై నియమింపగలడో, ధరింపగలడో, ఏది అతనికి శేషభూతమై యుండుటయే స్వభావముగ గలదో అది అతనికి శరీరము. ఈ లక్షణమునుబట్టియే సర్వజగత్తును పరమాత్మకు శరీరమని మన దర్శనము సిద్ధాంతీకరించినది. ఆ లక్షణమును ఈ కీలునకు అన్వయించి చూడుడు. అది ఆ తల్లి సంకల్పమునుబట్టి కదలుచున్నది, ఆమెచే ధరింపబడుచున్నది, ఆమె గుడికి పోవుటకే ఉపయోగపడుచున్నది. కావున గనిలో పుట్టిన ఆ లోహము నేడు ఆమె శరీరముతో చేరినదని భావించుటకు అడ్డేమి కలదు? ఆమె శరీరము పరమాత్మకు శేషమైనట్లే అదియు శేషము. నమస్కరించునపుడు ఆమెతోపాటు అదియు నమస్కరించుచున్నది.

మరియొక శంక. రోగముచే అవయవము ఆజ్ఞకు లోబడనపుడు అది శరీరమెట్లగునని ప్రతివాది యడుగును. రోగికి నియమనశక్తి ఉండియు ప్రతిబంధముచే అడ్డగింపబడినదే కాని నశింపలేదని ఆచార్యుల సమాధానము. ఇది వృద్ధులకు ఎంతటి ఊరట! కాలు మాట వినకున్నను కాలు పరాయిది కాలేదు. అడ్డు తొలగించుటయే చికిత్స.

చికిత్సయందలి నియమములు

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. నాలుగును సరిగ నున్ననే కార్యసిద్ధి. ఈ నొప్పియందు ఔషధముకంటె రోగి నియమమునకు, పరిచారకుని శ్రద్ధకు ప్రాధాన్య మెక్కువ.

నొప్పిగల ప్రక్కకు ఒత్తిగిలి పండుకొనరాదు. రెండవ ప్రక్కకు పండుకొనునపుడు మోకాళ్ళ నడుమ దిండు నుంచుకొనవలెను. కాలుమీద కాలు వేసికొనుట, ఒక్కకాలిపై బరువు మోపి నిలుచుట, మిక్కిలి తక్కువ ఎత్తు పీటపై కూర్చుండుట మానవలెను. చేతికఱ్ఱను నొప్పిగల కాలివైపు కాక, ఎదుటిచేత పట్టవలెను. పెక్కుమంది దీనిని తారుమారుగ చేయుచుందురు. గుడ్డ చుట్టిన మంచుముక్కలచే కొంతసేపు కాపడము కొందరికి ఉపశమనము కలిగించును.

వీనికంటె ముఖ్యమైనది పిరుదు కండరములకు బలము కూర్చు వ్యాయామము. దానిని ఫిజియోథెరపీ తెలిసినవారివద్ద నేర్చి, కొద్దికొద్దిగ పెంచుచు, వారములు, నెలలు విడువక చేయవలెను. నిత్యసంధ్యకు ఎట్టి నియమమో దీనికిని అట్టి నియమమే. ఒకనాడు మితిమీరి చేసి, మూడునాళ్ళు మానివేయుట పనికిరాదు. ఆహారవిహారములయందు యుక్తుడైనవానికే యోగము దుఃఖనాశకమగునని గీతాచార్యుని అభిప్రాయము కదా!

నొప్పిమాత్రలు వైద్యుడు చెప్పినవే, చెప్పినన్ని దినములే వాడవలెను. వృద్ధులకు అవి కడుపును, మూత్రపిండములను, రక్తపోటును, గుండెను చెరచు ప్రమాదము కలదు. పేరు తెలియని పొడులు, దుకాణమున అడిగి తెచ్చుకొను స్టెరాయిడ్ మాత్రలు తగవు. బర్సాయందు వేయు స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి మేలు చేయును. కాని లోపల క్రొత్తకీలు ఉన్నపుడు, చీము లేదని నిశ్చయించుకొని, ఆ కీలు సంగతి తెలిసిన వైద్యుడే దానిని నిర్ణయింపవలెను. పసుపు మన నిజామాబాదు బంగారము. వంటకును పూజకును శుభమే. అయినను మానని శస్త్రగాయముపై పసుపుముద్దయు, కాచిన తైలమును పూయరాదు. గట్టిగ పిసికి మర్దించుటయు వైద్యునడుగక చేయరాదు.

సాష్టాంగమా, అంజలియా?

మూడవ ప్రశ్నయే ఎక్కువ కన్నీరు పెట్టించునది. డిచ్‌పల్లి రామాలయమునకు నూటికి పైబడి మెట్లు. భీమగల్లు చెంత లింబాద్రి నృసింహుడును గుట్టపై వెలసినవాడే. తిరుమలకు అలిపిరి త్రోవ మెట్లు వేలు. బాల్యమునుండి ఎక్కిన మెట్లను క్రిందనుండి చూచి వెనుదిరుగుట సామాన్యదుఃఖము కాదు. రామానుజులు శేషాచలమును పాదములతో త్రొక్కజాలక మోకాళ్ళపై నెక్కిరని సంప్రదాయము. ఆ చోటికి మోకాళ్ళపర్వతమని పేరు. ఆయన భక్తి మనకు అనుసరణీయము. మోకాళ్ళపై ఎక్కుట అందరికి విధి కాదు.

అదే కొండపై మరియొక వృత్తాంతము కలదు. రామానుజులకు మేనమామయు ఆచార్యుడును అగు తిరుమలనంబి స్వామి అభిషేకమునకు ప్రతిదినము దూరమునుండి తీర్థము మోసి తెచ్చెడివారు. వార్ధక్యమున ఆయన పడు శ్రమను చూడలేక స్వామి వేటగాని రూపమున వచ్చి, దాహమని కుండలోని నీరు త్రాగి, పిదప బాణముచే కొండను భేదించి చేరువలోనే ఆకాశగంగను వెలయించెనని పెద్దలు చెప్పుదురు. స్వామి ఆ వృద్ధుని "ఇంకను నడువుము" అనలేదు. దారిని తగ్గించెను. వృద్ధభక్తుని నడకను తగ్గించుట భగవత్సంకల్పమునకు అనుకూలమైన పని యని దీనివలన తెలియుచున్నది. కావున గుడియందు వృద్ధులకు కుర్చీ వేయువాడు, మెట్లచెంత చేయి పట్టువాడు, ఇంట పూజాపీఠమును ఎత్తుగ నమర్చువాడు స్వామి బాణమునకు సహాయుడే.

ఇక పూజావిధి. పిళ్ళైలోకాచార్యులు శ్రీవచనభూషణమున, ప్రపత్తికి దేశనియమము, కాలనియమము, ప్రకారనియమము లేవనియు, ఎవరిని ఆశ్రయించుచున్నామను విషయనియమమే కలదనియు నిర్ణయించిరి. ద్రౌపది స్నానము చేసి శరణు వేడలేదు. గజేంద్రుడు మడుగున నీళ్ళలో నిలిచియే మొరపెట్టెను. అతని కాలిని మొసలి పట్టియుండగా సాష్టాంగమునకు తావెక్కడిది? తొండముతో నొక పద్మమునెత్తి చూపగలిగెను, అదియే చాలినది. కాలు పట్టుబడినవారి మొర ఎట్టిదో ఆ స్వామికి చక్కగ తెలియును.

క్రొత్తకీలు గలవారు బలవంతముగ సాష్టాంగపడినచో, పద్మాసనము వేసినచో, కొన్ని సందర్భములయందు కీలు తొలగిపోవును. వైద్యుడు వలదన్న భంగిమ ఆ దేహమునకు నిషిద్ధము. నిషిద్ధమును చేసి విహితఫలమును ఆశింపరాదు. కుర్చీయందు నిటారుగ కూర్చుండి, రెండు చేతులు జోడించి, మనస్సుతో పడు సాష్టాంగమును స్వామి గ్రహించును.

బాధానివృత్తిని ప్రార్థించుటయు తప్పు కాదు. భగవానుడు తన్ను సేవించు నలువురలో ఆర్తుని మొదటివానిగ లెక్కించి, వారందరిని ఉదారులనెను. వాతరోగపీడితుడైన మేల్పత్తూరు నారాయణభట్టతిరి గురువాయూరున స్వామిని స్తుతించుచు పదునారవ శతాబ్ది చివర నారాయణీయమును రచించెను. బాధనుండియే అంతటి స్తోత్రము పుట్టెను.

శేషించిన నొప్పి

ఇంతచేసినను కొందరికి నొప్పి పూర్తిగ పోకపోవచ్చును. వైద్యశాస్త్రము వ్యాధులయందు సాధ్యములను, అసాధ్యములను చెప్పుచు, నడుమ యాప్యములను కూడ చెప్పినది. అనగా పథ్యముచే అదుపులో నుంచుకొని జీవింపవలసినవి. చేయదగినదంతయు చేసిన పిమ్మట మిగిలిన ఆ కొంచెము నొప్పియే నిజమైన తితిక్షకు చోటు. చికిత్సకు ముందు ఓర్పని పేరు పెట్టుకొనునది పెక్కుసార్లు భయమో, మొగమాటమో, ధనలోభమో అయియుండును. చికిత్సకు పిదప నిలిచిన ఓర్పు తపస్సగును. క్రమము తప్పినచో పేరే మిగులును, ఫలము మిగులదు.

కావున ఓ భాగవతోత్తములారా! మీ ఇంట తుంటినొప్పి గల వృద్ధులున్నచో వారి మాటను ప్రమాణముగ గ్రహింపుడు. వైద్యునికి చూపుడు. రాత్రివేళ దిండు సర్దుడు. ఉదయము వ్యాయామము చేయునపుడు చెంత నిలువుడు. గుడికి పోవునపుడు చేయి నందింపుడు. వృద్ధులారా! మీ దేహము మీది మాత్రమే కాదు, స్వామి మీకు కైంకర్యమునకై అప్పగించిన సొత్తు. అప్పగించినవాని సొత్తును పాడుచేయక కాపాడుట శేషభూతునకు ధర్మము. శరణాగతవత్సలుడగు శ్రీనివాసుడు మీ అడుగులకు బలమును, అడుగు సాగనిచోట తానే ఎదురువచ్చు దయను అనుగ్రహించుగాక!